కుక్కను తోలుకెళ్ళిన మనిషి: వేట చదువు మీద కొన్ని ప్రశ్నలు

ఏకలవ్యుడి కథ తెలియని తెలుగువాడు ఉండడు. దళిత బహుజన కవులు ఆ కథను ఎన్నిసార్లు తిరగరాశారో లెక్కలేదు. బొటనవేలు మనకొక గుర్తయిపోయింది, ఒక నినాదమయిపోయింది. అయితే అదే కథలో మనవాళ్ళు కూడా పట్టించుకోని మనిషి ఒకడున్నాడు. ద్రోణుడి అనుమతి తీసుకుని కురుపాండవులు రథాలెక్కి వేటకు బయలుదేరతారు. వేటసామాన్లు పట్టుకుని, ఒక కుక్కను వెంటబెట్టుకుని, ఒక మనిషి వాళ్ళ వెనక పోతాడు. సంస్కృత భారతం అతన్ని ‘ఒకానొక మనిషి’ అని మాత్రమే అంటుంది. పేరు లేదు, కులం లేదు, ఒక్క మాటయినా లేదు. ఆ కుక్క దారితప్పి ఏకలవ్యుడి దగ్గరికి పోయి మొరుగుతుంది. ఏకలవ్యుడు దాని నోట్లో ఏడు బాణాలు కొడతాడు. అక్కణ్ణించి కథంతా ఆ కుక్క తెచ్చిన వార్త మీదనే నడుస్తుంది. కుక్కను తోలుకొచ్చినవాడు ఏమయ్యాడో ఎవరికీ అక్కరలేదు.

ఈ వ్యాసం అతని గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, పిల్లలకు పెద్దలు వేట నేర్పడం అనే సన్నివేశాన్ని మన పుస్తకాలు ఎట్లా రాశాయి, అందులో ఎవరు గురువయ్యారు, ఎవరు శిష్యుడయ్యారు, ఎవరు ఉట్టినే ‘వెంట వచ్చినవాడు’గా మిగిలిపోయారు అనే ప్రశ్న గురించి. వేట మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ చెయ్యబోవడం లేదు. ఆ చర్చ చేసే హక్కు ముందుగా ఎవరిచేతికి పోయిందో చూద్దాం అంటున్నాను.

బొటనవేలు, కన్ను

ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు. అంటే వేట వాడి ఇంటివిద్య. వాడు ద్రోణుడి దగ్గరికి పోయింది వేట నేర్చుకోడానికి కాదు, అది వాడికి వచ్చు. వాడికి కావలసింది అస్త్రవిద్య, రాజుల విద్య. మన విమర్శకులు చాలామంది ఈ తేడాను గమనించలేదని నా అనుకోలు. ‘చదువు లేనివాడికి చదువు నిరాకరించారు’ అని రాస్తూ వచ్చాం. వాడు చదువు లేనివాడు కాదు. వాడి చదువును చదువుగా ఒప్పుకోలేదు, అదీ అసలు సంగతి. అడవిలో మట్టిబొమ్మ ముందు వాడు సాధించిన నైపుణ్యానికి కూడా కథ ద్రోణుడి పేరే పెడుతుంది. వాళ్ళ నాయన పేరు పెట్టదు. గురువు మట్టిబొమ్మ అయినా సరే, ద్రోణుడే కావాలి. నేర్పినవాడు నిషాదుడైతే అది విద్య కాదు, పుట్టుకతో వచ్చిన గుణం అవుతుంది.

రెండో పిల్లవాడు తిన్నడు. పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ రాసిన తమిళ పెరియపురాణంలోనూ, మన ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలోనూ ఈ కథ ఉంది. పిల్లలకు వేట నేర్పే సన్నివేశం ఇంత వివరంగా దొరికే పాత కావ్యాలు మనకు తక్కువ. పెరియపురాణంలో తండ్రి నాగుడు బోయదొర. ముసలితనం వచ్చి, గూడేన్ని కాపాడే పని కొడుక్కి అప్పగిస్తాడు. పిల్లవాడు విలువిద్య నేర్చుకుంటాడు. పెద్దవాళ్ళు పూజలు చేసి మొదటి వేటకు పంపుతారు. నాణుడు, కాడుడు అనే ఇద్దరు తోడు పోతారు. వాళ్ళకు కొండ తెలుసు, ఏరు తెలుసు, ఆ కొండ మీద దేవుడున్నాడన్న సంగతీ తెలుసు. ఇక్కడ గురువులున్నారు, పేర్లున్నాయి, ఊరుంది. ఒక జాతి తన పిల్లవాణ్ణి పెద్దవాణ్ణి చేసుకునే పద్ధతి ఉంది. మనవాళ్ళు సంతోషించాల్సిన సంగతే ఇది.

కాని కథ ఆ చదువును ఎందుకు చూపించింది? దాటి పోవడానికి. దేవుడు కనిపించిన క్షణం నుంచి తిన్నడికి తండ్రి లేడు, గూడెం లేదు, వెంట వచ్చిన ఇద్దరూ లేరు. వాళ్ళు పిచ్చిపట్టిందనుకుని వెనక్కి పోతారు. మిగిలేది తిన్నడు, శివుడు, బ్రాహ్మణ పూజారి. తిన్నడి మాంసం నైవేద్యాన్ని శివుడు మెచ్చుకున్నాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. మెచ్చుకున్న మాట నిజమే. దానికి వాడు ఇచ్చుకున్నది ఏమిటో కూడా చూడాలి గదా.

వేటగాడికి శరీరంలో రెండే రెండు అవసరం. నారి లాగే బొటనవేలు, గురి చూసే కన్ను. పురాణాల్లో మనకు తెలిసిన ఇద్దరు అడవి పిల్లల్లో ఒకడు వేలు ఇచ్చాడు, ఇంకొకడు కన్ను ఇచ్చాడు. ఒకడి దగ్గర గురుదక్షిణ పేరుతో తీసుకున్నారు, రెండోవాడు భక్తితో తనే పెరుక్కున్నాడు. తిన్నడికి కన్ను తిరిగొచ్చిందంటారు. ఆ వచ్చిన కన్నుతో వాడు మళ్ళీ వేటకు పోయినట్టు ఏ కావ్యమూ చెప్పదు. ఏకలవ్యుడయినా మిగిలిన వేళ్ళతో బాణం వేశాడనీ, మునుపటి వేగం లేదనీ భారతం రాసింది. ఆ ఒక్క వాక్యంలో ఉన్నంత నిజాయితీ భక్తికథలో నాకు కనపడలేదు. వేటగాడి చదువు గొప్పదని ఒప్పుకున్న ప్రతిచోటా ఆ చదువుకు పనికొచ్చే అవయవాన్ని అడగడం యాదృచ్ఛికమని నేననుకోను.

కార్బెట్ పుస్తకంలో ముగ్గురు

పురాణాలు వదిలి వలస కాలానికి వద్దాం. పిల్లవాడికి పెద్దవాళ్ళు అడవి నేర్పడం మీద ఈ దేశంలో వచ్చిన పుస్తకాల్లో అందరికీ తెలిసింది జిమ్ కార్బెట్ (1875-1955) రాసిన ‘జంగిల్ లోర్’ (1953). కార్బెట్‌ను నేను ఇష్టంగా చదివాను. ఇప్పటికీ చదువుతాను. పిట్టల కూతల్ని బట్టి పులి ఎటు నడుస్తోందో చెప్పడం, ఇసుకలో అడుగును బట్టి జంతువు ఎంతసేపటి కింద పోయిందో చెప్పడం – ఇవి చదువుతుంటే మా ఊరి చెరువు కట్ట మీద నడుస్తున్నట్టుంటుంది. అందుకే ఆయనతో తగాదా పెట్టుకోవాలనిపిస్తుంది.

కార్బెట్‌కు గురువులు చాలామంది. అన్న టామ్ ఉన్నాడు. పక్షుల పుస్తకం రాస్తూ, పిట్టల్ని కొట్టి తెచ్చిపెట్టమని ఒక పాత తుపాకి చేతికిచ్చిన బంధువున్నాడు. ఒక గొట్టం పగిలి, కర్రకు ఇత్తడి తీగ చుట్టిన తుపాకి అది. వీళ్ళందరికన్నా ముఖ్యుడు కున్వర్ సింగ్. ‘మై ఇండియా’ (1952)లో ఇతని పేరు మీద ఒక అధ్యాయమే ఉంది. కాలాఢూంగీ చుట్టుపక్కల పేరుమోసిన దొంగ వేటగాడు. తుపాకి పట్టిన పిల్లవాడితో, నువ్విక పిల్లవాడివి కాదు, పెద్దవాడివి అంటాడు. అడవిలో భయం లేకుండా తిరగాలంటే చెట్టెక్కడం నేర్చుకోమంటాడు. చెట్టెక్కడం రాని తన సావాసగాడు పులిచేతిలో పడ్డ సంగతి చెప్తాడు. ఇంత మంచి గురువును సాహిత్యంలో నేను ఎక్కువగా చూడలేదు.

కున్వర్ సింగ్ కులం ఏమిటి? ఠాకూర్. ఊరిపెద్ద కూడా. ఇది కార్బెట్ మొదటి వాక్యంలోనే చెప్తాడు. ‘దొంగ వేటగాడు’ అనే మాట ఆయన నోట తిట్టు కాదు, బిరుదు. ఠాకూర్ దొంగ వేట చేస్తే అది మగతనం, సరదా, పిల్లలు నేర్చుకోదగిన విద్య.

అదే పుస్తకంలో ఇంకో అధ్యాయం పేరు ‘చమారి’.  అంటరాని కులంలోనూ అడుగున పుట్టినవాడని కార్బెట్ రాస్తాడు. మొకామా ఘాట్‌లో రైలు సరుకులు దించి ఎక్కించే కూలీలకు నాయకుడయ్యాడు. కలరా వచ్చి పోయాడు. కార్బెట్ అతన్ని నిజంగా ప్రేమించాడు, ఆ పేజీల్లో నటన లేదు. ఇది ఒప్పుకునే తీరాలి. అయినా తేడా చూడండి.   ఒకడు నేర్పినవాడు, ఇంకొకడు విశ్వాసంగా ఉన్నవాడు. చమారికి ఏమి తెలుసు, ఆ వందల మంది కూలీల్ని నడపడం అతనికి ఎవరు నేర్పారు, అతను ఎవరికి నేర్పాడు అని పుస్తకం అడగదు.

మూడో మనిషి సుల్తానా. భంటూ అనే తెగవాడు. ఆ తెగను వలస ప్రభుత్వం నేరస్థ తెగగా రాసుకుంది. పెళ్ళాంబిడ్డలతో సహా నజీబాబాద్ కోటలో సాల్వేషన్ ఆర్మీ కాపలాలో ఉంచితే తప్పించుకుని పోయి బందిపోటు అయ్యాడు. 1924లో ఉరితీశారు. అతన్ని పట్టుకునే పోలీసు దళంతో కార్బెట్ కూడా అడవిలో నడిచాడు. పుట్టుకతోనే నేరస్థుడని ముద్రవేస్తే ఆ మనిషికి బతుకులో న్యాయమైన అవకాశం ఎక్కడిది అని బాధపడ్డాడు కూడా. కాని ఒక సంగతి ఆయనకు తట్టలేదు. పిల్లప్పుడు ఠాకూర్ దొంగ వేటగాడి దగ్గర నేర్చుకున్న జాడ తీసే విద్యను పెద్దయ్యాక ఒక భంటూ మనిషిని వేటాడటానికి వాడుతున్నానని.

ఒకే పుస్తకంలో ముగ్గురు. దొంగ వేట చేసినా గురువయిన ఠాకూర్. ఏ దొంగతనమూ చెయ్యక విశ్వాసపాత్రుడైన చమార్. పుట్టకముందే దొంగగా నమోదయిన భంటూ. ఇది కార్బెట్ దుర్మార్గం కాదు. ఆయన మంచివాడు. మంచివాడి చూపులో కూడా కులం ఎట్లా వరసపెడుతుందో చెప్పడానికే ఇంత రాశాను. దుర్మార్గుడి పుస్తకాన్ని విమర్శించడం తేలిక. దానివల్ల మనకు తెలిసేది తక్కువ.

లైసెన్సు ఉన్న పిల్లలు, కేసు ఉన్న పిల్లలు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు పిల్లల్ని అనుభవం ఉన్న పెద్దవాళ్ళ వెంట వేటకు పంపే ఏర్పాట్లున్నాయి. పరీక్ష పాసు కాకముందే పెద్దవాళ్ళ తోడుతో వేటాడేందుకు ప్రత్యేక లైసెన్సులిస్తారు. ప్రభుత్వానికి అంత శ్రద్ధ ఎందుకంటే డబ్బు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను అడవి జంతువుల రక్షణకు పోతుంది. లైసెన్సు ఫీజు కూడా దానికే. వేటగాళ్ళు తగ్గితే రక్షణకు డబ్బు తగ్గుతుంది. కాబట్టి కొత్త వేటగాళ్ళను తయారు చేసుకోవాలి. అక్కడ వేటగాడి పిల్లవాడు అడవికి రక్షకుడు.

అక్కడ కూడా అందరి పిల్లలకూ ఇదే మర్యాద దక్కిందనుకోవద్దు. బానిసత్వం పోయాక దక్షిణాది రాష్ట్రాల్లో వేట మీద, చేపల మీద, పశువుల మేత మీద ఎట్లా కట్టుబాట్లు తెచ్చారో చరిత్రకారుడు స్టీవెన్ హాన్ 1982లో ఒక వ్యాసంలో రాశాడు. విడుదలయిన నల్ల మనిషి అడవిలో తిండి దొరకబుచ్చుకుంటే పత్తిచేలో కూలికి ఎందుకొస్తాడు? ఆకలి ఉంటేనే కూలీ దొరుకుతాడు. ఆకలి ఉండాలంటే కుందేలు దొరక్కూడదు. ఈ లెక్క మనకు కొత్తది కాదు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 1871లో నేరస్థ తెగల చట్టం. 1878లో ఆయుధాల చట్టం. 1879లో నీలగిరి కొండల వేట, చేపల రక్షణ చట్టం. మొదటిది మనిషిని పట్టుకుంది, రెండోది చేతిలో తుపాకిని, మూడోది ఎదుటి జంతువును. పదేళ్ళు తిరక్కుండా వేటగాడి బతుకు మొత్తం కాగితాల మీదికెక్కింది. దొరలకు మాత్రం అది ఆట. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకు పేరుపడ్డాడు. ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీసిన వేట ఫోటోలు ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చవుతున్నాయి. ఇట్లాంటి ఫోటోల కింద రాసే పేర్లు ఎప్పుడూ తుపాకి పట్టుకున్నవాళ్ళవే. పులిని తోలినవాళ్ళు, మోసినవాళ్ళు, చర్మం ఒలిచినవాళ్ళు ఆ పేర్లలో ఉండరు. కుక్కను తోలుకెళ్ళిన మనిషి ఫోటోలోకయితే వచ్చాడు, పేరు మాత్రం రాలేదు.

నేరస్థ తెగల చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అందులో కొన్ని జంతువుల వేటకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటుండేది. డబ్బూ తుపాకీ ఉన్నవాడి ఆటకు ఇంకో పంతొమ్మిదేళ్ళు గడువిచ్చి 1991 సవరణలో తీసేశారు. గిరిజనుల వేటహక్కును ఆ చట్టం గుర్తించింది ఒక్క నికోబార్ దీవుల్లోనే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు చెంచులు, యానాదులు, కోయలు అందరికీ చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని పీఠికలో రాశారు. అదే చట్టం మూడో సెక్షన్‌లో సంప్రదాయ హక్కులన్నీ లెక్కపెట్టి, వేటాడటం, ఉచ్చులు పెట్టడం మాత్రం మినహాయింపు అన్నారు.

పులి బతకాలి. ఆ మాటలో నాకు రెండో అభిప్రాయం లేదు. జంతువులు తరిగిపోయాయి, అడవి తరిగిపోయింది. వాటిని తరగదీసింది ఎవరి తుపాకులు, ఎవరి గనులు, ఎవరి డ్యాములు అని అడిగి, ఆ తర్వాత నిషేధం గురించి మాట్లాడుకుందాం. నిషేధం చంపడం మీద పెట్టారు. పడింది మాత్రం తెలివి మీద. ఉచ్చు పెట్టడం నేరమయింది సరే. ఉచ్చు పెట్టడానికి కావలసిన జాడ చూడటం, గాలి చూడటం, ఏ నెలలో ఏ జంతువు పిల్లలు పెడుతుందో తెలియడం, ఆ నెలలో దాన్ని వదిలెయ్యడం – వీటిని కూడా పిల్లలకు చెప్పాలంటే ఇవాళ తండ్రి చుట్టూ చూసుకుని చెప్పాల్సి వస్తోంది.

నాకు నేర్పినాయన

ఇక నా సంగతి. మాది మాదిగవాడ. ఇంట్లో బడి మొహం చూసిన మొదటివాడు మా నాయన, కాలేజీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను. మా తాత వయసులో ఉన్నప్పుడు ఊరి పెద్ద ఆసామి ఏటా అడవిపందుల వేటకు పోయేవాడట. ముందురోజు వాడకు కబురొచ్చేది. మావాళ్ళు తప్పెట్లు కొట్టుకుంటూ వంక పొడుగునా పందుల్ని తోలాలి. అవతల గట్టు మీద మంచె కట్టుకుని ఆసామి తుపాకి పెట్టుకుని కూర్చునేవాడు. తప్పెట చప్పుడుకు పంది ఎటు తిరుగుతుందో, ఎక్కడ చప్పుడు ఆపితే ఎటు మళ్ళుతుందో మా తాతకు తెలుసు. పందిని తుపాకి ముందుకు తెచ్చి నిలబెట్టింది ఆయన. “పంది ఎవరు కొట్టారు తాతా?” అని అడిగితే మాత్రం “అయ్య కొట్టాడురా” అనేవాడు. ఆ వాక్యం ఎంత మామూలుగా వచ్చేదంటే, అందులో తప్పేముందో నాకు పీహెచ్‌డీలో చేరిందాకా తెలియలేదు.

నాకు వేట నేర్పింది మా తాత కాదు. ఊరికి కాలవ అవతల యానాది ఇళ్ళుండేవి. అక్కడి ఒక ముసలాయన రైతులు పిలిస్తే వరిమళ్ళ గట్ల మీద ఎలుకలు పట్టేవాడు. సెలవుల్లో ఆయన వెంట తిరిగేవాణ్ణి. కలుగు నోటి దగ్గర మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా చూడమనేవాడు. సాలెగూడు పట్టి ఉంటే ఎలుక లేదు, చెయ్యి పెట్టొద్దు, పామున్నా ఉండొచ్చు అనేవాడు. మిగతా కన్నాలన్నీ మూసి, ఒక్కదాంట్లో కుండతో గడ్డిపొగ ఊదేవాడు. కలుగులో ఎలుక దాచుకున్న వరి వెన్నులు ఆయన భార్య తవ్వి బుట్టకెత్తుకునేది. ఎలుకలకన్నా ఆ గింజలే వాళ్ళకు ముఖ్యం. ఏ కలుగులో గింజలుంటాయో ఆమెకు తెలిసినట్టు ఆయనకు తెలియదు. చలికాలంలో చెవులపిల్లికి ఉచ్చు పెట్టేవాడు. గడ్డి పడుకున్న తీరు చూసి అది రాత్రి ఎటు పోయిందో చూపించేవాడు. ఒకసారి ఉచ్చులో చూలుతో ఉన్న చెవులపిల్లి పడింది. విప్పి వదిలేశాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో కూర లేదు.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన మాటొకటుంది. ఆయన నన్ను ‘సామీ’ అనేవాడు. పదేళ్ళవాణ్ణి, నేనాయన్ను ‘ఒరే’ అనేవాణ్ణి. మా వాడలో అందరూ అట్లాగే పిలిచేవాళ్ళు. ఊరు మమ్మల్ని ఒరే అంటే మండేది, మేము యానాదిని ఒరే అంటే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. ద్రోణుడు ఏకలవ్యుడికి చేసిందాని మీద గంటసేపు మాట్లాడగల నేను, నా గురువును గురువని పిలవలేదు. దళిత విమర్శ అగ్రకుల పుస్తకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో తన వాడను కూడా అంత గట్టిగా పట్టుకోకపోతే, అంబేద్కర్ చెప్పిన మెట్లవరస అసమానత మన దగ్గరే ఆగుతుంది. ఇంకా కిందికి పోవడానికి మనమే అడ్డం నిలబడతాం.

యూనివర్సిటీకి వచ్చాక ఈ సంగతులన్నీ ఒక సెమినార్ పేపర్‌గా రాశాను. బాగుంది గాని ఇది సాహిత్య విమర్శ కాదు, ఫీల్డ్ మెటీరియల్ అన్నారు ఒక పెద్దాయన. దాన్ని తనకిస్తే ఒక సిద్ధాంత చట్రంలో పెడతానన్నారు. నాకు మా తాత గుర్తొచ్చాడు. వంక పొడుగునా తప్పెట కొట్టుకుంటూ పందిని నేను తోలుకు రావాలి, మంచె మీద కూర్చుని ఆయన పేలుస్తాడు. పంది ఎవరు కొట్టారంటే “సారు కొట్టాడు” అని నేనే చెప్పుకోవాలి. మొదటి తరం చదువుకున్నవాళ్ళం యూనివర్సిటీల్లో చేస్తున్న పని చాలావరకు ఇదే. మన వాడల్లోంచి, గూడేల్లోంచి మాటల్ని, పాటల్ని, బాధల్ని తోలుకొస్తున్నాం. పేలేది ఇంకొకరి పేరు. ఆ పేపర్ నేనివ్వలేదు. చాలా ఏళ్ళు అచ్చు కూడా వెయ్యలేదు.

ఇంకో చిక్కుంది. ఈ వ్యాసం పొడుగునా పేర్లు రాయలేదని అందర్నీ నిలదీశాను. నా గురువు పేరు మాత్రం నేనూ రాయడం లేదు. ఆయన పోయాడు. ఆయన కొడుకులు, మనవలు ఆ కాలవ గట్టు మీదనే ఉన్నారు. ఎలుకలు పట్టాడని రాస్తే రైతుకు సాయం చేశాడంటారు. చెవులపిల్లికి ఉచ్చు పెట్టడం నేర్పాడని పేరుతో రాస్తే రేపు ఏ చిన్న కేసుకయినా ఆ ఇంటి తలుపు కొట్టడానికి అదొక సాకు. అదే చెయ్యి, అదే కన్ను, అదే మనిషి. జంతువు మారితే ఒకచోట సేవ, ఇంకొకచోట నేరం. కున్వర్ సింగ్ పేరును కార్బెట్ శీర్షికగా పెట్టగలిగాడు, నేను పెట్టలేను. ఈ తేడా నా భయం వల్ల వచ్చింది కాదు, దానికి నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ఏం అడుగుతున్నాం

మళ్ళీ వేటాడదామని నేను అనడం లేదు. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. వాడు ఉచ్చులు పెట్టాలని నాకు లేదు. కాని గట్టు మీద నడుస్తున్నప్పుడు తడి మట్టిని చూసి ఆగడం వాడికి తెలియాలని ఉంది. ఆ తెలివి ఎవరిదో కూడా తెలియాలని ఉంది. సంవత్సరానికి ఒకసారి సైన్సు మాస్టారు పిల్లల్ని అడవికి తీసుకుపోయి పిట్టల పేర్లు ఇంగ్లీషులో చెప్పించడాన్ని ప్రకృతి పాఠం అంటున్నాం. చెంచు తండ్రి కొడుక్కి చెప్పేది పాఠం ఎందుకు కాలేదు? అడవి శాఖకు జాడలు చూపించడానికి ఇవాళ కూడా చెంచులే కావాలి. వాళ్ళను వాచర్లు అంటారు, రోజుకూలీ ఇస్తారు. గురువులని ఎందుకనరు? 1971లో శ్రీహరికోటలో రాకెట్లు ఎగరడం మొదలయ్యింది. అంతకు ముందు ఆ దీవి యానాదులది. ఆ అడవిని ఆకుఆకునా చదివినవాళ్ళ చదువు ఎక్కడ రాసిపెట్టాం?

సాహిత్య విమర్శ చెయ్యగలిగిన పని ఒకటుంది. అల్లం శేషగిరిరావు వేట కథల్ని, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ను మళ్ళీ తియ్యాలి. కథలో తుపాకి ఎవరి చేతిలో ఉందన్నది అందరూ చూస్తారు. దారి ఎవరు చూపించారు, ఎవరికి ఎవరు నేర్పారు, నేర్పినవాడిని నేర్చినవాడు ఏమని పిలిచాడు అని చూడాలి. పిలుపులోనే మొత్తం ఉంటుంది. ఆ పుస్తకాల మీద ఒక్కొక్క వ్యాసం రాయాల్సి ఉంది. నేనొక్కణ్ణే రాస్తే చాలదు. యానాది ఇంట్లోంచి, చెంచు పెంటలోంచి, నక్కలోళ్ళ గుడారంలోంచి చదువుకుని వచ్చే పిల్లలు రాయాలి. అప్పటిదాకా వాళ్ళ తరఫున మాట్లాడేటప్పుడు మనం కూడా మంచె మీదే ఉన్నామేమో చూసుకోవాలి.

ఏకలవ్యుడి కథ ఈసారి చెప్పుకున్నప్పుడు కుక్కను తోలుకెళ్ళిన మనిషి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కుక్క తప్పిపోయిందని ఆ సాయంత్రం రాజకుమారులు ఎవర్ని తిట్టి ఉంటారో ఆలోచించండి. ఏడు బాణాలతో తిరిగొచ్చిన కుక్క నోట్లోంచి ఆ బాణాల్ని ఒక్కొక్కటిగా తీసింది ఎవరో కూడా ఆలోచించండి. ద్రోణుడయితే తీసి ఉండడు.